పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది

నంద్యాల నుంచి గోస్పాడు మీదుగా కోయిలకుంట్ల దాకా, ఇటు ఆళ్లగడ్డ దాకా, లెక్కలంటే గిట్టనివాళ్ల నోట్లో కూడా నలిగే అంకె ఒకటుంది: పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుంపిణీ ప్రభుత్వం నెలనెలా ఇచ్చిన తవర్జీ (భరణం) అది. తాత జయరామిరెడ్డి వారసుడు లేకుండా పోయాక ఆయన తవర్జీ ఆగిపోవడం, దాని సంగతి అడిగితే కోయిలకుంట్ల తాసీల్దారు నోరు జారడం, 1846 జులైలో అక్కడి ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న ఆ ఊళ్లోనే ఉరి. రేనాటి బిడ్డలకు ఈ కథ ఒకరు చెప్పనక్కర్లేదు. కథలో ఆ అంకె ఎప్పుడూ అవమానానికి కొలతగానే వస్తుంది. దాన్ని అంకెగా చూసినవాళ్లు తక్కువ. చూస్తే మొదట తగిలేది ఒక చిన్న చిక్కు. ఆ రోజుల్లో అణాకు పైసలు నాలుగే. ఎనిమిది పైసలంటే రెండణాలు. అదే అయితే ‘పన్నెండణాలు’ అని రాసి ఊరుకునేవాళ్లు. కాబట్టి ఆ ఎనిమిది పైసలు కావు, పైలు. అణాకు పన్నెండు పైలు, రూపాయికి 192. జనం నాలుకకు రెండు మాటలూ ఒకటే అనిపించి పైలు పైసలయ్యాయి.

ఇప్పుడు లెక్క కడదాం. పది అణాల ఎనిమిది పైలంటే 128 పైలు. 192లో 128 అంటే సరిగ్గా మూడింట రెండు వంతులు. అంటే తవర్జీ పదకొండు రూపాయలు, పైన ఇంకో రూపాయిలో మూడింట రెండు వంతులు, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ లేకుండా. ఆ ఇంటి తవర్జీ 70 రూపాయలని, అందులో సగం 35 ఒక శాఖకు పోగా మిగిలిన 35లో వాటాగా ఈ మొత్తం వచ్చిందని చరిత్రలో రాశారు. 35ను ముగ్గురికి పంచితే వచ్చేది ఇదే. ఇంకొంచెం వెనక్కి పోతే మరో సంగతి కనిపిస్తుంది. 1818 దాకా మద్రాసు రాజధాని లెక్కలు వరహాల్లో నడిచాయి. నూరు వరహాలకు 350 రూపాయల చొప్పున మార్చారు. ఆ లెక్కన 70 రూపాయలు సరిగ్గా 20 వరహాలు, 35 రూపాయలు పది వరహాలు. వరహాకు 42 పణాలు కనుక పదిలో మూడోవంతు 3 వరహాల 14 పణాలు. అదీ శేషం లేని వాటాయే. 70 అనే అంకె వరహాల కాలంలోనే పుట్టిందనిపిస్తుంది. వరహాల్లో పంచినా, రూపాయి అణా పైలలో పంచినా, ముగ్గురికీ నిక్కచ్చిగా సమానంగా వచ్చింది. ఎవరి వాటాలోనూ ఒక్క పై కూడా ఎక్కువ తక్కువ లేదు.

అదే లెక్కను ఈనాడు గోస్పాడులోని ఏ మీసేవ కేంద్రంలోనో ఎక్సెల్ తెరిచి చేయండి. 35ను 3తో భాగిస్తే గడిలో 11.67 అని కనిపిస్తుంది. కింద మూడు వాటాలూ కూడితే 35.00 అంటుంది. కాగితం మీద మూడు 11.67లు కూడినవాడికి మాత్రం 35.01 వస్తుంది. కనిపించే అంకె వేరు, లోపల దాగిన అంకె వేరు. సరే, పైసల వరకే ఉండాలని ముందే సవరించి పెడితే, ఏడాదికి రావలసిన 140 రూపాయలు 140.04 అవుతాయి. నాలుగు పైసలే కదా అనవచ్చు. కానీ 1846 నాటి గుమస్తా ఈకకలంతో తప్పు లేకుండా రాసిన వాటాను, సెకనుకు కోట్ల గుణకారాలు చేసే యంత్రం తప్పు లేకుండా రాయలేకపోతోంది. దానికి కారణం యంత్రంలో లోపమని చాలామంది అనుకుంటారు. నా వాదన వేరు: రూపాయిని ఎన్ని ముక్కలుగా కోశామన్న దానిలోనే తప్పు ముందుగా నిర్ణయమైపోతుంది. ఈ సీమ లెక్కలపుస్తకం రెండు వందల ఏళ్లలో మూడుసార్లు కోత మార్చుకుంది. మార్చిన ప్రతిసారీ కొంత రాలింది. మూడోసారి వచ్చిన కోత మాత్రం విచిత్రంగా మన ఊళ్ల లెక్కలు రాసిన కరణాల కవిలెల్లోని పాత కోతకు చుట్టం.

తెలుగు కరణం భిన్నాలు రాసిన తీరు ఇప్పుడు దాదాపు ఎవరికీ గుర్తు లేదు. ఒకటిలో నాలుగోవంతు కాలు, అందులో నాలుగోవంతు వీసం, అందులో నాలుగోవంతు కాని. అంటే నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు. పూర్ణాంకాలకు పది స్థానాల పద్ధతి, ఒకటి దాటి కిందికి దిగితే నాలుగు స్థానాల పద్ధతి. కాలు స్థానంలో నిలువు గీతలు: ఒకటో, రెండో, మూడో. వీసం స్థానంలో అడ్డగీతలు. ఆ కింద మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. గీత నిలబడిందా పడుకుందా అన్న దాన్నిబట్టి అది ఏ స్థానమో తెలుస్తుంది కనుక చుక్క పెట్టే పని లేదు. నిలువు గీతల స్థానంలో ఏమీ లేకపోతే పెట్టే గుర్తుకు హళ్ళి అని పేరు. అడ్డగీతల స్థానంలోనూ పూర్ణాంకాల్లోనూ మామూలు సున్నే. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అని ఇప్పటికీ అంటాం; అది లెక్క సరిచూసుకున్న కరణం మాట. ‘వీసమెత్తు’ తేడా లేదనడం, మనిషిని ‘పదహారణాల’ తెలుగువాడనడం కూడా ఆ బడి పలుకులే. ఈ గీతలకు 2008లో యూనికోడ్ 5.1లో చోటు దొరికింది. అక్కడ వాటి పేర్లలోనే నాలుగుకు ఘాతాల ప్రస్తావన ఉంది: సరి ఘాతాలకు కొన్ని గుర్తులు, బేసి ఘాతాలకు కొన్ని. ఇప్పుడు ఫోన్లలోకి కూడా ఎక్కాయి, వాడేవాళ్లే లేరు.

నాలుగు అంటే రెండు రెళ్లు. కంప్యూటర్ రెండు అంకెలతోనే లెక్క కడుతుంది. కాబట్టి కరణం గీతల్లో నిక్కచ్చిగా రాయగలిగిన ప్రతి భిన్నమూ కంప్యూటర్‌లోనూ నిక్కచ్చిగానే నిలుస్తుంది. పావలా, బేడ (రెండణాలు), అణా, కానీ (పావు అణా): 0.25, 0.125, 0.0625, 0.015625. వీటిలో ఒక్కదానిలోనూ యంత్రానికి తడబాటు లేదు. తడబడేది పది పైసల దగ్గర. పదిలో ఐదు ఉంది, ఐదును రెండుతో ఎన్నిసార్లు కోసినా తెగదు. పదో వంతును ద్విసంఖ్యామానంలో రాయబోతే 0011, 0011 అంటూ అంతు లేకుండా సాగుతుంది, మూడోవంతును మనం 0.333 అని సాగదీసినట్టు. 1985లో కుదిరిన ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం ఒక సంఖ్యకు 53 ద్వ్యంకెల చోటు ఉంటుంది. అక్కడ తెంచక తప్పదు. దీన్నే ఫ్లోటింగ్ పాయింట్ దోషం అంటున్నారు. ఎక్సెల్‌లో (0.5−0.4−0.1) అని బ్రాకెట్లతో సహా రాసి చూడండి. అర్ధరూపాయిలో నలభై పైసలు, పది పైసలు తీస్తే సున్న రావాలి. వచ్చేది దశాంశ బిందువు తర్వాత పదహారు సున్నలు, ఆపైన 277 అని మొదలయ్యే ఋణసంఖ్య. బ్రాకెట్లు తీసేస్తే సున్నే చూపిస్తుంది. ఇంత చిన్న తేడాను చివర్లో తుడిచేయమని ఎక్సెల్‌కు ముందే చెప్పిపెట్టారు. అదే (0.5−0.25−0.25) అయితే బ్రాకెట్లున్నా లేకున్నా హళ్ళికి హళ్ళే. పావలాలు, బేడలు రద్దు కాకుండా ఉండి ఉంటే బజారు లెక్కల్లో ఈ దోషం చాలావరకు ఎవరి కంటా పడేది కాదు.

కోత మారిన సందర్భాల్లో 1818 నాటిది ఈ సీమ అదృష్టం కొద్దీ మెత్తగా జరిగింది. మూడున్నర రూపాయల వరహాలో 42 పణాలు కనుక రూపాయికి పన్నెండు పణాలు, పణానికి అణా నాలుగు పైలు. శేషం లేదు. పణానికి ఎనభై కాసులు. అందువల్ల ఐదు కాసులకు ఒక పై. ఐదు లోపు కాసులే రాలాయి. అసలు కుదుపు 1957 ఏప్రిల్ 1న వచ్చింది. రూపాయికి నూరు కొత్త పైసలు. అణా అంటే ఆరుంబావు. ఆరుంబావు పైసల నాణెం ఎవడు పోస్తాడు? చట్టం ఒక దారి చూపింది: దగ్గరలో ఉన్న పైసకు మార్చాలి, రెండు పైసలకు మధ్యన సరిగ్గా పడితే కింది పైసకే. అలా అణా 6 పైసలు, బేడ 12, మూడణాలు 19, పావలా 25 అయ్యాయి. పన్నెండున్నర పైసల బేడను నాలుగుసార్లు విడివిడిగా చెల్లిస్తే 48 పైసలతో సరి. ఒకేసారి అర్ధరూపాయి ఇస్తే 50. చిల్లరగా ఇచ్చేవాడికి లాభం, పుచ్చుకునేవాడికి నష్టం.

ఈ పట్టికను కొంచెం సేపు చూడటం మంచిది, ఎందుకంటే కంప్యూటర్ శాస్త్రం తర్వాత తేల్చుకున్న విషయమంతా ఇందులోనే ఉంది. అణా, మూడణాలు, ఐదణాలు లాంటి బేసి అణాల్లో పావు పైసా ఒకసారి రాలుతుంది, ఒకసారి కలుస్తుంది, మొత్తానికి సరిపోతుంది. సగం పడే చోట్లు నాలుగు: రెండణాలు 12.5, ఆరణాలు 37.5, పదణాలు 62.5, పద్నాలుగణాలు 87.5. నాలుగూ చట్టం ప్రకారం కిందికే పోయాయి: 12, 37, 62, 87. కాబట్టి పట్టిక మొత్తం ఒకవైపుకే ఒరిగింది. ఐఇఇఇ 754 మామూలుగా పాటించే పద్ధతిలో సగం పడితే పక్కనున్న సరిసంఖ్యకు మార్చాలి. అలా చేస్తే ఇవే నాలుగూ 12, 38, 62, 88 అవుతాయి; రెండు కిందికి, రెండు పైకి, ఒరుగుడు పోతుంది. వస్తుసేవల పన్ను చట్టం ఇంకో దారి పట్టింది: యాభై పైసలు, అంతకు మించితే రూపాయి, లోపైతే సున్న. అక్కడ ఒరుగుడు ఖజానా వైపు. 1957లో చెల్లించేవాడి పక్షం, ఇప్పుడు పుచ్చుకునే ప్రభుత్వం పక్షం. సగం పైసా ఎటు పోవాలన్నది గణితం చెప్పే సంగతి కాదు, ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించేది.

భూమి లెక్కలోనూ ఇదే తంతు. నైజాం కుంపిణీకి అప్పగించిన దత్తమండలాల్లో కలెక్టరు థామస్ మన్రో చేయించిన సర్వేలో గొలుసు 33 అడుగులది. అలాంటి చదరాలు నలభై అయితే ఎకరం. చదరం అంటే గుంట. తర్వాత ఇక్కడ సెంట్లు వచ్చాయి, ఎకరానికి నూరు, సెంటు 435.6 చదరపు అడుగులు. గోస్పాడు రైతుకు 2.30 అంటే రెండెకరాల ముప్పై సెంట్లు; కూడినా తీసేసినా ఎక్సెల్‌కు అభ్యంతరం లేదు. తుంగభద్ర దాటి అలంపురం వైపు వెళితే అదే 2.30 రెండెకరాల ముప్పై గుంటలు, అంటే పావు తక్కువ మూడెకరాలు. అక్కడి పావెకరం ముక్కలు నాలుగు, 0.10 చొప్పున గడుల్లో పెట్టి కూడితే 0.40 వస్తుంది, యంత్రానికి అది నలభై సెంట్లు, మనిషికి నిండు ఎకరం. ఇది ఫ్లోటింగ్ పాయింట్ దోషం కాదు నిజమే, కానీ దానికి తోబుట్టువు. చుక్కకు కుడివైపున ఏ కోత ఉందో చుక్క చెప్పదు. కరణం నిలువు గీత, అడ్డగీత చెప్పేవి.

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గా ఊహించవచ్చు. పదహారు సున్నల తర్వాత వచ్చే అంకె గురించి ఇంత గోల దేనికి, ఇసుకరేణువంత కూడా లేదు కదా అని. ఒక్క కూడికలో లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎక్సెల్‌లో ‘బాకీ సున్న అయితే చెల్లు’ అని షరతు రాసుకున్నవాడికి, ఆ రేణువు ఉన్నంతసేపూ బాకీ తీరదు. పైగా చిన్న తప్పులు ఒకే వైపు పడితే పేరుకుంటాయి. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజి 1982లో 1000తో ఒక సూచీ మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీకీ మూడు దశాంశాల తర్వాతిది కత్తిరిస్తూ పోయారు, సవరించకుండా. 1983 నవంబరుకు సూచీ 520 చిల్లరకు పడిపోయింది. తిరిగి లెక్కగడితే అసలు విలువ 1098 పైచిలుకు. మన 1957 పట్టికలో బేడను కిందికే తోసిన పనే అది, రోజుకు వేలసార్లు. ఇంకో ఉదాహరణ నవ్వులాటకు దొరకనిది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదోవంతుల చొప్పున లెక్కిస్తూ, ఆ పదోవంతును 24 ద్వ్యంకెల్లో తెంచి వాడింది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి గడియారం సెకనులో మూడోవంతు తప్పింది. వచ్చిన స్కడ్ క్షిపణి దొరకలేదు, 28 మంది సైనికులు చనిపోయారు. అక్కడ తెగనిది కూడా పది పైసల భాగమే.

రెండో అభ్యంతరం బలమైనది. పాత పద్ధతిని పొగడటం సులువు, దానితో బతకడం కష్టం. అణాలను పైలతో గుణించి, రూపాయలకు ఎక్కించి, మళ్లీ దించి, పిల్లలు వీధిబడిలో కాలు, వీసం ఎక్కాలు వల్లెవేయలేక ఏడ్చిన కాలం అది. పెద్దబాలశిక్ష పట్టికలు నోటికి రానివాడు సంతలో మోసపోక తప్పేది కాదు. దశాంశం వచ్చాక కూడికకు చదువు అక్కర్లేకపోయింది. ఇది నిజం, దీన్ని నేను కాదనను. కూడికకు పది మంచి కోత. పంపకానికి 192 మంచి కోత. 192 రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, పదహారులతో తెగుతుంది. నూరుకు మూడుతోనే చిక్కు, ఎనిమిదితోనూ చిక్కే. అన్నదమ్ములు ముగ్గురు ఉన్న ఇంట్లో పాత రూపాయి, అంగట్లో కొత్త రూపాయి. కరణం గీతలు కూడా మూడోవంతు దగ్గర ఓడిపోయేవి. పైలు ఉన్నందువల్లే ఉయ్యాలవాడ వాటా తెగింది. ఇక కరణాల నిజాయితీ మాట వేరే. భిన్నం నిక్కచ్చిగా రాయగలిగినవాడు భూమిని నిక్కచ్చిగా రాశాడని ఎవరూ అనలేరు. ఆ పద్దులు చూసి విసిగిన జనం 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ ఉద్యోగాన్ని రద్దు చేస్తే కన్నీళ్లేమీ పెట్టుకోలేదు. ఆ మరుసటి ఏడాదే ఐఇఇఇ ప్రమాణం వచ్చింది, ఎక్సెల్ వచ్చింది. నాలుగుతో కోసే మనిషి వెళ్లిపోయిన వెంటనే రెండుతో కోసే యంత్రం వచ్చి ఆ పీట మీద కూర్చుంది.

అలాంటప్పుడు యంత్రాన్నే పదితో కోయమని చెప్పవచ్చు కదా అంటారు. చెప్పవచ్చు. డబ్బు లెక్కలకు పది అంకెల పద్ధతినే పాటించే ఏర్పాటు కోబాల్ భాషలో ఉంది, డేటాబేసుల్లోనూ ఉంది. స్ప్రెడ్‌షీట్ మాత్రం చిప్‌లో తయారుగా ఉన్న వేగవంతమైన దారి ఎంచుకుంది. ఇంజనీరుకూ శాస్త్రవేత్తకూ అది సరైన దారే. అయినా పదితో కోసినంత మాత్రాన 35లో మూడోవంతు తెగదు. ఏ కోతకైనా తెగనిది ఒకటి మిగులుతుంది. వరహా, రూపాయి, కొత్త పైసా, ద్వ్యంకె, నాలుగింటి చరిత్రా అదే చెబుతోంది. తేడా ఒక్కటే. 1957 చట్టం మిగిలినదాన్ని ఎటు తోయాలో అచ్చులో రాసి అందరికీ చెప్పింది. బాగున్నా బాగోకపోయినా, బేడకు 12 పైసలే వస్తాయని కొట్టువాడికీ తెలుసు, కూలికీ తెలుసు. ఎక్సెల్ గడి ఎవరికీ చెప్పకుండా రెండు దశాంశాల మేరకు చూపించి మిగతాది లోపల దాచుకుంటుంది. నేను తప్పుపట్టేది ఆ దాపరికాన్నే.

కాబట్టి కుందూ గట్టున కౌలు డబ్బులైనా, కె.సి. కాలువ కింద పంట అమ్మిన సొమ్మైనా ఎక్సెల్‌లో పంచేవాళ్లకు ఒక మాట. రూపాయల్లో పెట్టకండి, పైసల్లో పూర్ణసంఖ్యలుగా పెట్టండి. 35 రూపాయలు ముగ్గురికైతే 3500 పైసలు. ఇద్దరికి 1167 చొప్పున రాసి, మూడోవాడికి మిగిలిన 1166 రాయండి. ఆ ఒక్క పైసా తక్కువ వచ్చేది ఎవరికో పంచకముందే పక్క గడిలో పేరు రాయండి.